అడగరాని డబ్బా

ఆ మేడమీది కుట్టుషెడ్డులో కిటికీ పక్కన చెక్క అరమీద ఒక రేకుడబ్బా ఉండేది. మూత మీది బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. లోపల బిస్కెట్లు, వేయించిన వేరుశెనగలు, ఉప్పు చిప్సు, అప్పుడప్పుడు చాక్లెట్లు ఉండేవి. నెలసరి దగ్గరపడి, కడుపులో ఎవరో గంపెడు నిప్పులు కుమ్మరించినట్టు ఆకలేసే ఆడదాని కోసం ఆ డబ్బా. ఎవరి చెయ్యి అందులోకి వెళ్ళినా మిగిలినవాళ్ళు తల తిప్పుకోవాలి. ఎందుకమ్మా, ఎప్పుడమ్మా, నిన్న కూడా తిన్నావుగా అని అడగరాదు. షెడ్డు గోడ మీద రాసిపెట్టిన నియమాలు బోలెడున్నాయి. ఎవరూ తప్పని నియమం మాత్రం ఎక్కడా రాయని ఇదొక్కటే.

దాన్ని పెట్టింది కత్తెరత్త. షెడ్డులో బట్ట కత్తిరించేది ఆమే కాబట్టి ఆ పేరు. వయసులో ఉండగా వేరేచోట పనిచేసేటప్పుడు, ఇలాంటి ఆకలికే తాళలేక, బట్టల తానుల వెనక నక్కి రొట్టె తింటుంటే సూపర్‌వైజరు పట్టుకున్నాడు. అందరి ముందూ నిలబెట్టి, "ఏం, ఇంట్లో పెట్టరా? నెలకోసారి ఇలా బకాసురుడు పూనుతాడా నీకు?" అని అడిగాడు. నోట్లో ముద్ద మింగలేక, ఉమ్మలేక, ఆమె అలాగే నిలబడింది. తన చేతికింద నలుగురు ఆడవాళ్ళు పనిచేసే రోజు వచ్చాక ఆమె మొదట చేసిన పని ఆ డబ్బా పెట్టడం.

మంచి నియమమే. ఆ మంచి నియమమే ఆమె అక్క కూతుర్ని మింగబోయింది.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. ఇరవై నిండని పిల్ల. తల్లి పోయాక పిన్ని దగ్గరే పెరిగి, పిన్ని షెడ్డులోనే కాలర్లు కుడుతోంది. తిండి కూడా పిచ్చుక తిండే. కంచం ముందు కూర్చుంటే తింటోందో, మెతుకుల్ని పలకరించి పంపిస్తోందో తెలిసేది కాదు. నెలసరికి ముందు మాత్రం వేరే మనిషయ్యేది. "పిన్నీ, పులి లేచింది" అంటూ వంటగదిలోకి వచ్చి గిన్నె అడుగు గీకి గీకి తినేది. తీపి కావాలనేది, అది తినగానే ఉప్పు కావాలనేది. రెండు రోజులకి రావలసింది వచ్చేది, పులి ముడుచుకుని పడుకునేది.

పిన్నికి ఆ రోజులంటే ఎంతిష్టమో. "ఈ పులేదో నెలంతా మనింట్లోనే ఉండిపోతే బాగుండు. నీ బుగ్గల మీద కాస్త కండ చూసి పోతాను" అనేది.

ఏ దిక్కున ఎవరు విన్నారో గానీ, ఆమె అడిగినట్టే అయింది. ఈసారి పులి లేచింది, మళ్ళీ పడుకోలేదు.

మొదట్లో కత్తెరత్త సంబరపడింది. పొద్దున్నే రొట్టెలన్నీ అయిపోయేవి. మధ్యాహ్నానికి కట్టుకున్న అన్నం డబ్బా దారిలోనే సగమయ్యేది. ఇంటికి రాగానే పిల్ల చెప్పులు విప్పకుండానే కుండ దగ్గరికి వెళ్ళి చెంబు మీద చెంబు నీళ్ళు తాగేది. గొంతులో నీళ్ళు దిగే చప్పుడు పక్క గదిలోకి వినిపించేది.

"మెల్లిగా తాగవే, కుండ ఎక్కడికీ పారిపోదు."

"ఎండ పిన్నీ. నోరు పీక్కుపోతోంది."

ఎండ నిజమే. ఆ ఏడు ఎండకి వంక పెట్టడానికి లేదు. రాత్రిళ్ళు పిల్ల లేచి బాత్‌రూముకి వెళ్ళడం నిద్రమత్తులో వినిపించేది. అన్ని నీళ్ళు తాగితే వెళ్ళక ఏం చేస్తుంది అనుకుని పిన్ని అటు తిరిగి పడుకునేది.

షెడ్డులో డబ్బా మాత్రం లెక్క తప్పింది. నింపిన మర్నాటికే అడుగు కనబడసాగింది. అర కింద ఇస్త్రీ బల్ల ఉంది. ఆ బల్ల దగ్గరికి కొత్తగా ఒకావిడ వచ్చింది. పొడుగ్గా, ఎముకలు గట్టిగా, ఎవరితోనూ పెద్దగా కలవని మనిషి. కత్తెరత్త చూపు సహజంగానే ఆమె మీద పడింది. అడగడానికి లేదు, తన నియమం తనకే అడ్డం. అందుకని గాలికి చెప్పినట్టు చెప్పింది.

"ఈ మధ్య మన షెడ్డులో పులులకి నిద్ర కరువైనట్టుంది. ఏ పూట చూసినా వేటే."

గుండీలు కుట్టే ఆవిడ, అందరికీ గుండీలక్క, సూది పంటి కింద పెట్టుకుని నవ్వింది. "నా పులి కాదు కత్తెరత్తా. నా పులికి పెళ్ళయి పిల్లలు పుట్టాక బుద్ధొచ్చింది. పిలిస్తే గానీ రావట్లేదు."

ఇస్త్రీ ఆవిడ పెట్టెని నిలబెట్టి ఇటు తిరిగింది. "వదినా, నాకు ముట్లు ఆగి చాలా ఏళ్ళయింది. నా దగ్గరున్నది పులి కాదు, పళ్ళూడిన పిల్లి. దానికి మీ బిస్కెట్లు కొరకడం కూడా రాదు. అనేదేదో నా మొహాన అనండి, మీ పంకాకి చెప్పకండి."

అందరూ గొల్లుమన్నారు. కత్తెరత్త మొహం కందగడ్డయింది. పిచ్చుక ఒక్కతే నవ్వలేదు. కాలరు మీద తల వంచుకుని మిషను తొక్కుతూనే ఉంది.

ఆ మర్నాడు తిండివేళ అందరూ మెట్ల మీదికి వెళ్ళాక కత్తెరత్త మరిచిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చింది. డబ్బా ముందు నిలబడింది పిచ్చుక. బిస్కెట్లు ఒకదాని తర్వాత ఒకటి నోట్లో కుక్కుకుంటోంది. ఆ తినడంలో రుచి లేదు. తినేది కడుపు కాదన్నట్టు, కడుపు వెనక ఇంకెవరో కూర్చుని రెండు చేతులా లాక్కుంటున్నట్టు ఉంది. కళ్ళు గోడ మీద ఉన్నాయి.

ఒక్క క్షణం కత్తెరత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ వెంటనే మనసు తేలికైంది. ఓసి, దొంగ మన పిల్లేనా! రోజులు దగ్గరపడ్డాయి, అంతే. ఆమె అడుగు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేదారిలో పిల్ల కోసమని చాక్లెట్లు, చక్కెర పొడి అద్దిన బిస్కెట్లు ఇంకా ఎక్కువ కొని, పొద్దున్నే వచ్చి డబ్బా నింపింది. తన చేత్తో తనే నింపింది.

ఒకటి చెప్పాలి. అంతకు ముందు ఆ షెడ్డులో కాజాలు కుట్టే పెళ్ళికాని పిల్ల ఒకతె ఉండేది. ఆ పిల్ల కొన్నాళ్ళు డబ్బా ముట్టుకోలేదు. డబ్బా ముట్టేవాళ్ళని అడగరాదని నియమం గానీ, ముట్టనివాళ్ళ మీద నవ్వరాదని ఎవరూ పెట్టలేదు కదా. "కాజాల పిల్ల పులి తప్పిపోయిందర్రా, ఎవరైనా చూశారా? ఊయల కొనుక్కోవాలేమో" అంది గుండీలక్క. అందరూ నవ్వారు. కత్తెరత్త కూడా నవ్వింది. ఆ పిల్ల మళ్ళీ పనిలోకి రాలేదు. నిజమేమిటో ఎవరికీ తెలియదు. పిచ్చుక ఆ నవ్వుల్ని విన్నది. మరిచిపోలేదు.

తర్వాత చీమలొచ్చాయి. షెడ్డు వెనక బాత్‌రూములో తూము చుట్టూ నల్లటి గీతలా చీమలు. గుండీలక్క నీళ్ళు కొట్టింది, మందు చల్లింది. పొద్దుటికి మళ్ళీ అదే గీత. "తిన్న చేతులు అక్కడ కడుగుతున్నారు. బిస్కెట్ల నలుసులు" అంది కత్తెరత్త. ఇంటి బాత్‌రూములో కూడా చీమలు పట్టాయి. అక్కడ ఎవరూ బిస్కెట్లు తిన్న చేతులు కడగరు. ఆ సంగతి ఆమెకి తట్టింది, తట్టి ఒక మూలకి పోయి కూర్చుంది.

ఒక సెలవు రోజు బట్టలు ఆరేస్తూ పిచ్చుక లంగా చేతిలోకి తీసుకుంది. నడుము దగ్గర వేలికి ఏదో తగిలింది. తిప్పి చూసింది. కుట్టు లోపలికి పట్టి ఉంది. దాని పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన మరోటి. లోపలి కుట్టు దారం ఇంకా కొత్తగా మెరుస్తోంది. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా తన బట్టల్ని తనే బిగించుకుంటూ వస్తోంది.

కత్తెరత్త ఆ తడిలంగా నడుముని జాన వేసి కొలిచింది. జీవితమంతా నడుములు కొలిచిన మనిషి. ఇల్లంతా ఊడ్చుకు తింటున్న పిల్ల నడుము ఎలా తగ్గుతుంది? లోపలికి వెళ్ళినది ఎక్కడికి పోతోంది? ఇంకో భయం కూడా తొంగిచూసింది, పెళ్ళికాని పిల్ల ఉన్న ఇంట్లో ప్రతి ఆడదానికీ తెలిసిన భయం. దాన్ని మాత్రం వెంటనే కొట్టిపారేసింది. డబ్బా ముడుతోంది కదా! డబ్బా ముట్టే పిల్లకి ఆ భయం లేదు. ఇవాళో రేపో వచ్చేస్తుంది.

లోపల పిచ్చుక గోడకి చేరగిలపడి కూర్చుంది. మెడ ఎముకలు పైకొచ్చాయి. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమే..." అంది కత్తెరత్త గుమ్మంలో నిలబడి.

"ఏంటి పిన్నీ?" పిల్ల ఉలిక్కిపడి చూసింది. ఆ చూపులో, అడగొద్దు అని ఉంది. తన షెడ్డులో తను నేర్పిన చూపే అది.

"ఏం లేదు. గంజి తాగుతావా?"

"ఆ. ఎక్కువ పెట్టు."

అడగని మాట ఆ గదిలోనే ఉండిపోయింది. ఇద్దరూ దాని పక్కనుంచి తప్పుకుని తిరిగారు.

చివరికి అడిగింది ఇస్త్రీ ఆవిడ. ఆవిడకి నియమం ఎవరూ చెప్పలేదు, చెప్పినా విని ఉండేది కాదేమో. పిచ్చుక సీసాలో నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ నింపుకొచ్చి, మళ్ళీ తాగుతుంటే పెట్టె పక్కన పెట్టి అడిగింది.

"పిల్లా, నీకు వచ్చి ఎన్నాళ్ళయింది?"

మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. గుండీలక్క చేతిలో గుండీ కింద పడి దొర్లుతూ పోయింది.

"ఇక్కడ ఆ మాట అడగరు" అంది కత్తెరత్త.

"ఎందుకు అడగరు?"

"అడగరు. అంతే. మర్యాద."

"మర్యాదేంటి వదినా? నేనొచ్చినప్పటి నుంచీ ఈ పిల్ల రోజూ ఆ డబ్బా దగ్గరే ఉంది. ఏ ఆడదానికైనా నెలంతా అదే ఆకలి ఉంటుందా? మీరు చూడరా, లేక చూసి తల తిప్పుకుంటారా?"

"రేపొస్తుంది!" అని అరిచింది పిచ్చుక. గొంతు బొంగురుగా ఉంది. "రేపో ఎల్లుండో వస్తుంది. మీకెందుకు?" అంటూ లేచి గోడ పట్టుకుని బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

కత్తెరత్త ఇస్త్రీ ఆవిడని నోటికొచ్చినట్టు తిట్టింది. నిన్నగాక మొన్న వచ్చావు, వచ్చినట్టు ఉండు అంది. ఇస్త్రీ ఆవిడ మూసిన తలుపు వైపే చూస్తూ నిలబడింది.

మర్నాడు పిచ్చుక ఏమీ తినలేదు. డబ్బా వంక కూడా చూడలేదు. షెడ్డుకి వస్తూనే వాంతి చేసుకుంది, పొట్ట పట్టుకుని వంగిపోయింది. షెడ్డంతా ఊపిరి పీల్చుకుంది. అమ్మయ్య, వచ్చేసింది, నొప్పి మొదలైంది అనుకున్నారు. గుండీలక్క వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి తెచ్చింది. కత్తెరత్త కొత్త తానులు పరిచి, వాటి మీద పిల్లని పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. "కాసేపు పడుకో తల్లీ. సాయంత్రానికి నువ్వే లేస్తావు." అందరూ మిషన్లు మెల్లగా తొక్కారు, పిల్ల నిద్ర చెడకూడదని.

కత్తెరత్త బల్ల దగ్గరికి వెళ్ళి బట్ట మడత వేసి కత్తెర పట్టుకుంది. నాలుగు జానలు కత్తిరించిందో లేదో, వెనకనుంచి ఒక చప్పుడు వినిపించింది. పిల్ల ఊపిరి. పడుకున్న మనిషి ఊపిరిలా లేదు. బరువు మోసుకుంటూ కొండెక్కేవాళ్ళ ఊపిరిలా, లోతుగా, పెద్దగా, ఆగకుండా వస్తోంది. కత్తెర ఒక పక్క, ఊపిరి ఒక పక్క. చూస్తుండగా ఆమె చెయ్యి ఆ ఊపిరికి తగ్గట్టు కదలడం మొదలుపెట్టింది. అది గమనించి భయపడి కత్తెర కింద పెట్టింది.

దగ్గరికి వెళ్ళి వంగింది. పిల్ల నోటి నుంచి కుళ్ళిన పండు వాసన వేసింది.

"వదినా" అంది వెనక నుంచి ఇస్త్రీ ఆవిడ, నెమ్మదిగా. "ఇది ఆ నొప్పి కాదు."

ఈసారి కత్తెరత్త తిట్టలేదు. మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏమే తల్లీ, కళ్ళు తెరువు. నాకు చెప్పు. ఎన్నాళ్ళయింది?"

పిచ్చుక కళ్ళు సగం తెరిచింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. "రాలేదు పిన్నీ."

"ఈ నెలా?"

"పోయిన నెల కూడా. నేనేం తప్పు చెయ్యలేదు. ఒట్టు. నేనెవరితోనూ..." ఊపిరి అడ్డుపడి ఆగింది. "డబ్బా ముట్టకపోతే అందరూ నవ్వుతారని. నాకు ఆకలి కూడా నిజంగానే వేసింది పిన్నీ. రేపొస్తుందనుకున్నాను. రోజూ అలాగే అనుకున్నాను."

షెడ్డులో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. గుండీలక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

బట్టల తానులు తెచ్చే బండి కిందే ఉంది. ఇస్త్రీ ఆవిడ పిల్లని దుప్పటిలోకి చేర్చి, మూడు కొసలు మిగిలినవాళ్ళకి ఇచ్చి, నాలుగోది తను పట్టుకుని ముందు నడిచింది. మెట్లు దిగుతుంటే ఆ పిల్ల ఎంత తేలిగ్గా ఉందో కత్తెరత్త చేతులకి తెలిసింది. కోటుకి సరిపడా బట్ట కూడా అంతకంటే బరువుంటుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వేలికొస గుచ్చి, చిన్న మిషను వంక చూసి, గట్టిగా ఏదో అంది. నర్సులు పరిగెత్తారు. పిల్ల రెండు చేతులకీ గొట్టాలు పెట్టారు. చక్కెర జబ్బని, రక్తంలో చక్కెర హద్దు దాటిందని, తిన్నది ఒంటికి పట్టక మూత్రంతో పాటు బయటికి పోయిందని, రక్తం పుల్లబడి విషమైందని చెప్పారు. ఆ పిల్ల రోజూ తింటూ రోజూ పస్తులున్నట్టే లెక్క అన్నారు.

"ఇంత దాహం ఎప్పటి నుంచి?" అడిగింది డాక్టరమ్మ.

"సరిగ్గా తెలియదమ్మా."

"నెలసరి చివరిసారి ఎప్పుడొచ్చింది?"

"అడగలేదు."

"ఎంత చిక్కిందో చూడలేదా? మీరూ ఈ అమ్మాయీ వేరువేరుగా ఉంటారా?"

"ఒకటే మంచం" అంది కత్తెరత్త.

డాక్టరమ్మ "ఇప్పుడే ఏమీ చెప్పలేం" అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు అద్దంలోంచి ఆ ఊపిరి కనిపించింది, వినిపించలేదు. ఛాతీ లేవడం, పడడం. పడిన ప్రతిసారీ, మళ్ళీ లేస్తుందా అని కత్తెరత్త గోడ పట్టుకుని చూసింది.

లేచింది. మర్నాటికి ఊపిరి కుదుటపడింది. ఆ తర్వాతి రోజుకి పిల్ల కళ్ళు తెరిచి పిన్నిని గుర్తుపట్టింది. పెద్ద వార్డులోకి మార్చారు. ఇక బతికినన్నాళ్ళూ సూది వేసుకోవాలని, తిండి వేళకి తినాలని, వేళ తప్పితే ప్రాణం మీదికొస్తుందని చెప్పారు. పిచ్చుక ఆ మాటలు విని గోడ వైపు తిరిగి పడుకుంది.

సూది వేసి వెళ్తూ నర్సు కత్తెరత్తని పక్కకి పిలిచింది. "జాగ్రత్తగా వినండి. ఈ మందుకి చక్కెర దిగుతుంది. ఒక్కోసారి మరీ కిందికి పడిపోతుంది. చెమటలు పట్టినా, వణికినా, ఉన్నట్టుండి ఆకలేసినా నన్ను పిలవాలి. ఆలస్యమైతే స్పృహ తప్పుతుంది, ఆపైన మా చేతిలో కూడా ఉండదు. అమ్మాయిని అడుగుతూ ఉండండి."

మధ్యాహ్నం వార్డు నిండా చూడవచ్చినవాళ్ళే. పక్క మంచం చుట్టూ పెద్ద సంసారం దిగింది. నవ్వులు, పిల్లల ఏడుపులు, సంచుల చప్పుళ్ళు. కత్తెరత్త మంచం పక్క స్టూలు మీద కూర్చుని పిల్ల వీపు చూస్తోంది.

"పిచ్చుకా. ఎలా ఉందే?"

"బాగానే ఉంది."

"ఆకలేస్తోందా?"

"లేదు."

మాట మామూలుగానే ఉంది. కానీ దుప్పటి అంచు సన్నగా కదులుతోంది, కింద గాలి దూరినట్టు. వార్డులో గాలి లేదు. కత్తెరత్త లేచి అటు వైపు వెళ్ళి పిల్ల మొహం చూసింది. పై పెదవి మీద చెమట బొట్లు. చూపు ఎక్కడో ఉంది.

"ఆకలేస్తోందా అని అడుగుతున్నాను."

"మెల్లిగా పిన్నీ. అందరూ చూస్తున్నారు."

నిజమే, పక్క మంచం వాళ్ళు మాటలాపి ఇటే చూస్తున్నారు. కత్తెరత్త దుప్పటి లాగేసింది. పిల్ల పిడికిళ్ళు బిగించుకుని ఉంది. ఆ పిడికిళ్ళు వణుకుతున్నాయి.

"చూడనీ! చచ్చేదాకా చూడనీ! ఆకలేస్తోందా లేదా? చెప్పవే!"

పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వేస్తోంది" అంది. "చాలా వేస్తోంది పిన్నీ."

ఆ మాట పూర్తయ్యేలోపే కత్తెరత్త నర్సు కోసం గావుకేక పెట్టింది. నర్సు తీపి నీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. పళ్ళు గ్లాసు అంచుకి టకటకా కొట్టుకుంటుంటే పిల్ల గుక్కగుక్కగా తాగింది. సగం నీళ్ళు మెడ మీద పడ్డాయి.

"తగ్గిందా?" అంది కత్తెరత్త.

"ఉండు పిన్నీ."

"వణుకు తగ్గిందా? ఇంకా ఆకలి ఉందా?"

"ఎన్నిసార్లు అడుగుతావు?" అంది పిల్ల నీరసంగా, విసుగ్గా, కళ్ళు మూసుకుంటూ.

కత్తెరత్త ఆ పిల్ల భుజం పట్టుకుని కుదిపి మళ్ళీ అడిగింది.